ఊరు అడుగు ప్రశ్నలు, చట్టము అడుగు ప్రశ్న



ఈ నెల మేము ఎత్తుకొన్న విషయము ఇంటిల్లిపాది కలిసి కూర్చుండి చదువుటకు కొంత ఇబ్బందియైనదే. అయినను ఇంటిల్లిపాది తెలిసికొనవలసినదే గనుక మర్యాద మీరకుండ, నిజము దాచకుండ వ్రాయుటకు పూనుకొన్నాము. స్త్రీలమీదను పిల్లలమీదను జరుగు అత్యాచారమును మన దేశ చట్టము ఏ విధముగా నిర్వచించుచున్నది? ఆ నేరము ఋజువగుటకు ఏయే అంశములు ఉండవలెను? ఏవి లేకపోయినను నేరము నేరమే? ఈ సంగతులే ఇక్కడ చెప్పబోవుచున్నాము.

పల్లెలో ఇట్టిది జరిగినప్పుడు మొదట పుట్టునవి ప్రశ్నలు. "ఆ వేళప్పుడు చేనికి ఒంటరిగా ఎందుకెళ్ళింది?" "కేకలు ఎందుకు పెట్టలేదు?" "ఒంటిమీద దెబ్బలేవీ?" "ఇన్నాళ్ళు ఊరుకొని ఇప్పుడెందుకు చెబుతోంది?" "అసలు ఆ పిల్ల నడవడి ఎలాంటిది?" గమనించండి. ఈ ప్రశ్నలన్నియు బాధపడినదాని వైపే వేలు చూపుచున్నవి. చేసినవానిని గూర్చి ఇందులో ఒక్క ప్రశ్నయు లేదు. చివరకు ఎవరో ఒకరు, "పరువు పోతుంది, పెద్దమనుషుల్లో పెట్టి తేల్చుకుందాం" అందురు. అంతటితో ఆ పిల్ల నోరు మూతబడును.

మన మాటలు కూడ అట్టివే. పాతకాలపు పత్రికలు దీనిని "మానభంగము" అని వ్రాసేవి. ఊళ్ళలో "చెరిచాడు" అందురు, ఆ పిల్లను "చెడిపోయింది" అందురు. కుండ పగిలినట్లు ఆమెలోనే ఏదో పగిలిపోయినదని ఈ మాటల అర్థము. కాని నేరము చేసినవాడు కదా చెడినవాడు! చట్టము ఈ నేరమును నిర్వచించుచోట మానమను మాటయే లేదు. అక్కడ ఉన్న ముఖ్యమైన మాట ఒక్కటే: సమ్మతి.

నేరములోని అంశములు

1860లో ఆంగ్లేయుల కాలమున వచ్చిన భారత శిక్షాస్మృతిలో 375వ సెక్షను ఈ నేరమును నిర్వచించినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. ఇందులో అత్యాచారమును నిర్వచించునది 63వ సెక్షను, శిక్షను చెప్పునది 64వ సెక్షను. శిక్ష 10 ఏండ్లకు తగ్గని కఠిన కారాగారము. యావజ్జీవము వరకు పోవచ్చును, జరిమానా కూడ ఉండును.

నేరము ఋజువగుటకు రెండు అంశములు కలిసి ఉండవలెను. మొదటిది, జరిగిన కార్యము. 2013కు ముందు సంభోగము జరిగినదా లేదా అనునది మాత్రమే చూచేవారు. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో బస్సులో జరిగిన ఘోరము తరువాత జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ నివేదిక ఇచ్చినది, 2013లో చట్టము మారినది. ఇప్పుడు పురుషుడు తన శరీరములోని ఏ భాగముతోనైనను, ఏ వస్తువుతోనైనను స్త్రీ మర్మాంగములలోనికి ఏ కొంచెము చొరబడినను, నోటితో అట్టి కార్యము చేసినను, మరియొకనితో చేయించినను అది అత్యాచారమే. "పూర్తిగా ఏమీ జరగలేదు కదా" అని పెద్దలు సర్దిచెప్పు మాటకు చట్టములో చోటు లేదు.

రెండవది, ఆ కార్యము ఏ పరిస్థితిలో జరిగినదనునది. చట్టము ఏడు పరిస్థితులను చెప్పుచున్నది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నను చాలును.

1. ఆమె ఇష్టమునకు విరుద్ధముగా జరిగినది.
2. ఆమె సమ్మతి లేకుండ జరిగినది.
3. సమ్మతించినది గాని, తనను లేక తనవారిని చంపుదురని, కొట్టుదురని భయపెట్టినందున సమ్మతించినది.
4. అతడు తన భర్త కాడని అతనికి తెలిసియున్నను, ఆమె అతనిని తన భర్తయని నమ్మి సమ్మతించినది.
5. మతిస్థిమితము లేకపోవుటవలన గాని, మత్తువలన గాని, ఏదైన మందు పెట్టినందువలన గాని, దేనికి ఒప్పుకొనుచున్నదో తెలియని స్థితిలో ఒప్పుకొన్నది.
6. ఆమెకు 18 ఏండ్లు నిండలేదు. అప్పుడు సమ్మతించినదా లేదా అను ప్రశ్నయే రాదు.
7. సమ్మతిని తెలియజేయలేని స్థితిలో ఉన్నది.

మూడవదానిని మరల చదువవలెనని కోరుచున్నాము. "మీ తమ్ముణ్ణి బ్రతకనివ్వను" అని బెదిరించగా ఒక స్త్రీ నోరు మూసికొని లొంగినయెడల అది సమ్మతి కాదు. ఆమె ఒంటిమీద ఒక్క గీత లేకపోయినను అది సమ్మతి కాదు.

సమ్మతి అనగా ఏమి?

ఈ మాటకు చట్టమే అర్థము చెప్పినది. మాటతో గాని, సైగతో గాని, మరి ఏ విధముగా గాని, ఆ ఫలానా కార్యమునకు తాను ఇష్టపడుచున్నానని స్త్రీ స్పష్టముగా, స్వచ్ఛందముగా తెలియజేయుటయే సమ్మతి. దాని వెంటనే ఇంకొక మాట చేర్చినది: శరీరబలముతో ఎదిరించలేదను ఒక్క కారణమునుబట్టి ఆమె సమ్మతించినదని ఎంచకూడదు.

ఈ చిన్న వాక్యము ఊరక రాలేదు. 1972లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక పోలీసు ఠాణాలో ఒక పేద గిరిజన బాలికపై జరిగిన అత్యాచారమును గూర్చి ఇద్దరు పోలీసులపై కేసు నడిచినది. బొంబాయి హైకోర్టు వారికి శిక్ష వేసినది. కాని సుప్రీంకోర్టు 1978లో ఆ శిక్షను కొట్టివేసినది. ఆమె ఒంటిమీద గాయములు లేకపోవుట ఆ తీర్పునకు ఒక ముఖ్య కారణము. రాత్రివేళ, ఠాణాలో, పోలీసుల మధ్య నిలిచిన ఒక కూలిపిల్ల ఎవరిని ఎదిరించగలదు? ఆ మరుసటి ఏడు ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అను నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాసి ఇదే ప్రశ్న వేశారు. లొంగుట వేరు, సమ్మతించుట వేరు అని వారి వాదన. దేశమంతట స్త్రీలు వీధులకెక్కారు.

అదే కాలమున మన హైదరాబాదులోను అట్టిదే జరిగినది. 1978లో నల్లకుంట పోలీసు ఠాణాలో ఒక పేద ముస్లిము స్త్రీపై పోలీసులు అత్యాచారము చేశారనియు, అడుగబోయిన ఆమె భర్తను కొట్టి చంపారనియు తెలిసి నగరము అట్టుడికినది. జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘము ఎదుట ఆమె నడవడి మంచిది కాదని చూపుటకు ఎంతో ప్రయత్నము జరిగినది. సంఘము మాత్రము పోలీసులదే దోషమని తేల్చినది. తరువాత కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారి, అక్కడ నిందితులు విడుదలయ్యారు.

ఈ అలజడుల ఫలముగా 1983లో చట్టము మారినది. పోలీసులు, ప్రభుత్వోద్యోగులు, ఆసుపత్రి, జైలు సిబ్బంది వంటివారు తమ చేతిక్రింద ఉన్న స్త్రీపై ఈ నేరము చేసినప్పుడు, కార్యము ఋజువై, తాను సమ్మతించలేదని ఆమె కోర్టులో చెప్పినయెడల, కోర్టు ఆమె మాటనే మొదట నిజమని తలంచవలెను. సమ్మతి ఉన్నదని చూపవలసిన భారము నిందితునిది. 2013 తరువాత ఈ నియమము బంధువులకు, సంరక్షకులకు, ఉపాధ్యాయులకు, నమ్మకపు స్థానములో ఉన్నవారికి కూడ విస్తరించినది. నమ్మి అప్పగించిన చోటనే ద్రోహము జరిగినప్పుడు దానిని చట్టము మరి పెద్ద నేరముగా చూచుచున్నది.

ఋజువునకు ఏవి అక్కరలేదు?

ఊరు అడుగు ప్రశ్నలకు ఇప్పుడు వరుసగా జవాబు చూతము.

"సాక్షులెవరు?" ఇట్టి నేరము నలుగురిలో జరుగదు. 1996లో పంజాబుకు చెందిన ఒక పాఠశాల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పినది: బాధితురాలి సాక్ష్యము నమ్మదగినదైతే అదొక్కటియే శిక్షకు చాలును. గాయపడినవాని సాక్ష్యమును ఎట్లు గౌరవింతుమో ఆమె సాక్ష్యమును అట్లే గౌరవింపవలెను.

"చూపు లేని పిల్ల ఎవరిని గుర్తుపడుతుంది?" 2011లో మన ఆంధ్రప్రదేశ్‌లో పుట్టుకతో చూపులేని ఒక దళిత యువతిపై, వారి ఇంటికి వచ్చిపోవుచుండిన వ్యక్తియే అత్యాచారము చేసినాడు. ఆమె అతనిని గొంతునుబట్టి గుర్తించినది. సుప్రీంకోర్టు 2021లో ఆమె సాక్ష్యమును అంగీకరించి యావజ్జీవ శిక్షను ఖాయము చేసినది. అంగవైకల్యము ఉన్నంతమాత్రమున సాక్ష్యము బలహీనమైనదని ఎంచరాదని హెచ్చరించినది.

"ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకుంది?" ఆలస్యమునకు కారణమేమో కోర్టు విచారించును. కాని కుటుంబము సిగ్గుపడి, పరువుకు భయపడి, వెనుక ముందు ఆలోచించి ఫిర్యాదు చేయుటలో ఆలస్యమగుట సహజమేనని పై 1996 తీర్పే చెప్పుచున్నది.

"నడవడి ఎట్టిది?" ఈ ప్రశ్న కోర్టులో అడుగకూడనిది. సమ్మతి ఉన్నదా లేదా అనునది తేల్చునప్పుడు ఆమె గుణమును గాని, పూర్వపు సంబంధములను గాని సాక్ష్యముగా తేకూడదని సాక్ష్య చట్టము నిషేధించుచున్నది. ఆసుపత్రులలో ఒకప్పుడు చేసిన "రెండు వ్రేళ్ళ పరీక్ష" ఆమె గౌరవమునకు భంగకరమని 2013లో సుప్రీంకోర్టు చెప్పినది. ఇక ఆ పరీక్ష చేసినవారిని దుష్ప్రవర్తన చేసినవారిగా ఎంచవలెనని 2022లో ఆదేశించినది.

పిల్లల విషయము

18 ఏండ్లు నిండని పిల్లల కొరకు 2012లో వేరొక చట్టము వచ్చినది. దానిని పోక్సో చట్టమందురు. ఇది ఆడపిల్లలకే గాక మగపిల్లలకును వర్తించును. మగపిల్లవానికి జరిగినదానిని నవ్వులాటగా తీసికొను అలవాటు మన ఊళ్ళలో ఉన్నది. అది మానవలెను.

ఈ చట్టములో పిల్లల సమ్మతి లెక్కలోనికి రాదు. "పిల్లే వెళ్ళింది" అను మాట చెల్లదు. 1860లో ఈ వయస్సు 10 ఏండ్లు మాత్రమే, 1891లో 12 అయినది, మెల్లగా పెరిగి నేడు 18. పదహారేండ్ల పిల్లలు ప్రేమించుకొని ఇల్లు విడిచి పోయినను ఆ అబ్బాయి ఈ చట్టము క్రింద ముద్దాయి కావచ్చునని మగపిల్లల తలిదండ్రులును తెలిసికొని, బిడ్డలకు ముందుగానే చెప్పవలెను. తొందరపడి పదిహేడేండ్ల పిల్లకు పెండ్లి చేసి చేతులు దులుపుకొనువారికి ఇంకొక మాట: పెండ్లి జరిగినను 18 నిండని భార్యతో సంసారము అత్యాచారమేయని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. క్రొత్త సంహితలోను అట్లే వ్రాయబడినది.

తాకుట మాత్రమే జరిగినప్పుడు నేరమగునా? నాగపూరులో ఒక వ్యక్తి జామకాయ ఇత్తునని 12 ఏండ్ల పిల్లను ఇంటిలోనికి పిలిచి, దుస్తులమీదుగా చేయి వేసినాడు. చర్మము చర్మమునకు తగులలేదు గనుక ఇది పోక్సో క్రింద లైంగిక దాడి కాదని 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి చెప్పగా, అదే ఏడు నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి 3 ఏండ్ల కఠిన శిక్ష వేసినది. ఇక్కడ నేరాంశము లైంగికమైన తలంపు. దుస్తులు అడ్డమున్నవా లేవా అనునది కాదు. జామకాయ, చాక్లెటు, సెల్‌ఫోను ఆట: ఎర ఏదైనను చేయి వేసినవాని తలంపునే చట్టము చూచును.

ఇప్పుడు మన సంఘములకు నేరుగా తగులు మాట. పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము, పిల్లలపై ఇట్టి నేరము జరిగినదని తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెను. తెలిసి ఊరుకొనుట 6 నెలల వరకు జైలుశిక్ష పడదగిన నేరము. సంస్థకు అధిపతియైనవాడు తన క్రిందివారి నేరమును దాచినయెడల ఒక ఏడాది వరకు శిక్ష, జరిమానా. విద్యాసంస్థలో గాని, మతసంస్థలో గాని పనిచేయువారు ఆ సంస్థలోని బిడ్డపై లైంగిక దాడి చేసినయెడల చట్టము దానిని తీవ్రతరమైన నేరముగా ఎంచి హెచ్చు శిక్ష విధించుచున్నది. కాపరి, సండేస్కూలు ఉపాధ్యాయుడు, హాస్టలు వార్డెను, పాటల బృందము నాయకుడు, ఎవరును ఇందుకు మినహాయింపు కారు. "దేవుని పనివాడు, పేరు బయటికి వస్తే సంఘానికి అవమానం" అని దాచుట భక్తి కాదు, నేరము.

రాజీ ఎందుకు చెల్లదు?

మేక చేనిలో పడినదనో, గట్టు జరిగినదనో పెద్దలు కూర్చుండి తీర్పు చెప్పుట మన ఊళ్ళలో ఉన్న మంచి అలవాటే. కాని అత్యాచారము ఇద్దరి మధ్య తగవు కాదు. ఇది సమాజముపై జరిగిన నేరము గనుక ప్రభుత్వమే వాది. కేసు నడుపువారు ప్రభుత్వ వకీలు. అందుకు ఆ తలిదండ్రులు ఫీజు చెల్లించ పనిలేదు. చట్టము రాజీకి అనుమతించిన నేరముల పట్టికలో ఇది లేదు.

2013లో హర్యానాకు చెందిన ఒక కేసులో, రాజీపడినారన్న కారణముతో శిక్ష తగ్గించరాదని సుప్రీంకోర్టు చెప్పినది. 2015లో మధ్యప్రదేశ్‌కు చెందిన ఏడేండ్ల పాప కేసులో ఇంకను గట్టిగా, ఇట్టి నేరములలో రాజీ అను ఆలోచనయే కూడదనినది. 2020లో అదే రాష్ట్రపు హైకోర్టు ఇండోరు బెంచి, పొరుగు స్త్రీ ఇంటిలో చొరబడి వేధించిన వ్యక్తికి ఒక వింత షరతుతో బెయిలు ఇచ్చినది. అతడు ఆమె ఇంటికి మిఠాయితో వెళ్ళి రాఖీ కట్టించుకొని, 11,000 రూపాయలు ఇవ్వవలెనట! 2021లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసి, ఇట్టి కేసులలో రాజీ, పెండ్లి వంటి సలహాలు కోర్టులు కూడ ఇవ్వరాదని ఆదేశించినది. హైకోర్టునకే లేని అధికారము ఊరి రచ్చబండకు, సంఘ కమిటీకి ఎక్కడనుండి వచ్చును?

సొమ్ము పుచ్చుకొని నేరస్థుని శిక్షనుండి తప్పించుట వేరొక నేరము కూడ. ఆ పిల్లను అతనికే ఇచ్చి పెండ్లి చేయుట మరియు ఘోరము. దెబ్బతిన్న లేడిని తోడేలుకే అప్పగించి "ఇక భద్రముగా ఉండు" అనినట్లుండును.

రెండవ సమూయేలు 13వ అధ్యాయములోని తామారు సంగతి మనకు తెలియును. అమ్నోను బలవంతము చేయగా, ఆమె సొంత అన్న అబ్షాలోమే ఆమెను ఊరకుండుమన్నాడు. తండ్రియైన దావీదుకు కోపము వచ్చినది గాని న్యాయము జరిగించలేదు. రెండేండ్ల తరువాత ఆ ఇంట రక్తము పారినది. మౌనము పరువును కాపాడలేదు. న్యాయము జరుగనిచోట పగ పెరిగినది.

పగ న్యాయము కాదని కూడ చెప్పవలసియున్నది. 2019 నవంబరులో శంషాబాదు దగ్గర ఒక పశువైద్యురాలిని అత్యాచారము చేసి చంపినప్పుడు రెండు రాష్ట్రములు కన్నీరు పెట్టినవి. డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో చనిపోగా జనము పూలు చల్లినారు. కాని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ సంఘము, వారిని చంపు ఉద్దేశముతోనే కాల్పులు జరిగినవని నివేదించినది. ఆ నివేదిక 2022లో వెలువడినది. విచారణ జరుగలేదు గనుక నేరము ఎవరిదో ఎంతవరకో కోర్టులో ఎన్నటికిని ఋజువు కాలేదు. బాధితురాలికి కావలసినది ఆమె మాటను విని తూచి తేల్చు న్యాయస్థానము. ఆ తూకములో నిందితుని మాటకును చోటుండును. సందేహమునకు తావులేకుండ ఋజువగువరకు అతడు నిర్దోషియే.

కొన్ని హద్దులు కూడ తెలిసికొనవలెను. పెండ్లాడుదునని మాట ఇచ్చి తప్పిన ప్రతిదియు అత్యాచారము కాదు. మొదటినుండియు పెండ్లాడు తలంపు లేకుండ మోసపుచ్చినాడా, లేక నిజముగా తలంచి తరువాత తప్పినాడా అని కోర్టులు వేరుచేసి చూచుచున్నవి. అట్టి మోసమునకు సంహితలో 69వ సెక్షను వేరుగా ఉన్నది. 10 ఏండ్ల వరకు శిక్ష. 18 నిండిన భార్యపై భర్త చేయు బలవంతమును మాత్రము సంహిత అత్యాచారముగా ఎంచలేదు. విడిగా నివసించుచున్న భార్యపై చేసినయెడల నేరమే. ఇంటిలోని లైంగిక హింసకు 2005 నాటి గృహహింస చట్టము క్రింద ఏ భార్యయైనను రక్షణ కోరవచ్చును. చట్టము మినహాయించినంతమాత్రమున భార్యను బలవంతము చేయుట భర్తకు హక్కు కాజాలదు.

జరిగినప్పుడు ఏమి చేయవలెను?

మొదట ఆమె మాట వినవలెను. "ఎందుకెళ్ళావు?" అని అడుగక, "నీ తప్పేమియు లేదమ్మా" అని చెప్పవలెను.

స్నానము చేయించి బట్టలు ఉతికివేయుట మన తల్లులకు సహజముగా తోచును. అది చేయకూడదు. బట్టలను విడిగా కాగితపు సంచిలో ఉంచవలెను. ఆలస్యమైనను, స్నానము చేసియున్నను వైద్యపరీక్ష మానకూడదు. ప్రభుత్వ ఆసుపత్రియైనను ప్రైవేటుదైనను వెంటనే ఉచిత వైద్యము చేయవలెనని చట్టము. నిరాకరించినయెడల శిక్ష ఉన్నది. పరీక్షకు ఆమె సమ్మతి, చిన్నపిల్లయైతే తలిదండ్రుల సమ్మతి ఉండవలెను.

ఏ పోలీసు ఠాణాకైనను వెళ్ళవచ్చును. "మా పరిధి కాదు" అనుటకు వీలులేదు. ఫిర్యాదు వ్రాసికొని సరియైన ఠాణాకు వారే పంపవలెను. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. బాధితురాలి ఫిర్యాదును మహిళా అధికారి వ్రాసికొనవలెను, ప్రతిని ఉచితముగా ఇవ్వవలెను. ఫిర్యాదు నమోదు చేయని అధికారికి 6 నెలలకు తగ్గని జైలుశిక్ష విధింపవచ్చును. పిల్లల వాంగ్మూలమును వారి ఇంటిలో గాని, వారికి నచ్చిన చోట గాని, యూనిఫారము లేకుండ వచ్చి వ్రాసికొనవలెను. ఆమె మాట మేజిస్ట్రేటు ఎదుట కూడ నమోదగును. కోర్టు విచారణ తలుపులు మూసి జరుగును.

అత్యవసరమునకు 112, స్త్రీలకు 181, పిల్లలకు 1098, ఉచిత న్యాయ సహాయమునకు 15100 అను నంబరులకు ఫోను చేయవచ్చును. జిల్లాలలో ఉన్న సఖి కేంద్రములలో వైద్యము, సలహా, తాత్కాలిక వసతి ఒకేచోట దొరకును. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా నష్టపరిహారమునకు దరఖాస్తు చేయవచ్చును. అది ప్రభుత్వము ఇచ్చు సహాయము, రాజీసొమ్ము కాదు. పుచ్చుకొన్నంతమాత్రమున కేసు ఆగదు.

చివరిగా, ఆమె పేరు. బాధితురాలి పేరును గాని, ఆమెను గుర్తుపట్టు వివరములను గాని ప్రచురించుట 2 ఏండ్ల వరకు శిక్ష పడదగిన నేరము. మంచి ఉద్దేశముతోనైనను ప్రార్థనాంశముల కాగితములో ఆమె పేరు వేయకూడదు. సంఘపు వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటో, ఊరు, తండ్రి పేరు పెట్టకూడదు. పేరు పెట్టకుండనే ప్రార్థించవచ్చును.

సంఘ పెద్దలారా, ఈ రాత్రియే ఎవరైన ఒక తండ్రి కండువా నోటికి అడ్డము పెట్టుకొని మీ గడపలోనికి రావచ్చును. "ఏం చేయమంటారు అయ్యగారూ?" అని అడుగవచ్చును. అప్పుడు నలుగురిని పిలిపించి పంచాయితీ పెట్టకుడి. చెప్పులు తొడుగుకొని అతనితో కూడ ఠాణాకు బయలుదేరుడి.